పంక్తి చివర పలికిన గోవింద

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా పలమనేరు దగ్గర చింతతోపు దాటేటప్పుడు చెప్పులు తీసి చేత పట్టుకోమని మా అవ్వ చెబితే, దయ్యానికి నా చెప్పుల కొలత ఎందుకని ఎగతాళి చేసినవాణ్ణి. ఇప్పటికీ నలుగురు కూర్చున్న చోట ఎవరైనా అట్లాంటి కథ మొదలుపెడితే నేను లేచి పోతాను. వినేకొద్దీ ఒళ్ళు మండుతుంది.

అందుకని ఇది దయ్యం కథగా రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మినా మానినా నాకు ఒరిగేదేమీ లేదు. పోవలసింది ఎప్పుడో పోయింది.

యుద్ధం ముగిసింది గానీ రేషను ఇంకా ముగియని రోజులవి. నేను తిరుపతిలో బి.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. అప్పట్లో ఒక నిబంధన ఉండేది. కాలేజీ విద్యార్థి తల్లిదండ్రుల దగ్గరైనా ఉండాలి, హాస్టల్లోనైనా ఉండాలి, లేదా కాలేజీ గుర్తించిన ఇంట్లో ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోతే పరీక్షకు పంపరు. హాస్టల్లో చోటు లేదు. మా ఊరు ఘాటు రోడ్డు ఎక్కి పోవాల్సినంత దూరం. అందుచేత నాకు దిక్కు మిత్ర సమాజం ఒక్కటే.

మిత్ర సమాజం అంటే పల్లెల నుంచి వచ్చిన కుర్రవాళ్ళం కలిసి పెట్టుకున్న సంఘం. రైల్వేస్టేషనుకు దగ్గరలో ఒక పాత పెంకుటిల్లు తీసుకుని, వంతులవారీగా మేమే వండుకునేవాళ్ళం. అన్ని కులాలవాళ్ళం ఒకే పంక్తిలో తినేవాళ్ళం కాబట్టి వంటమనిషి ఎవరూ కుదరలేదు. వీధిలో వాళ్ళకు మేమంటే కంటగింపు. ఇల్లుగలాయనకు అంతకంటే కంటగింపు. మమ్మల్ని వెళ్ళగొడితే ఆ గదులు యాత్రికులకు ఇచ్చుకోవచ్చునని ఆయన లెక్క. కాలేజీ గుర్తింపు ఉన్నంతకాలం ఆయన ఏమీ చేయలేకపోయాడు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. విస్తళ్ళలో వడ్డన అయ్యాక, ఆ పూట వండినవాడు 'గోవిందా' అంటాడు. తర్వాత పంక్తిలో వరుసగా ఒక్కొక్కరూ 'గోవిందా' అనాలి. చివరివాడు అన్న తర్వాతే ముద్ద ఎత్తాలి. కొత్తగా చేరినవాడు చివర కూర్చుంటాడు. అయితే చేరిన రోజే వాడికి గోవింద అనే హక్కు రాదు. పరగడుపున అలిపిరి నుంచి మెట్ల దారిన కొండెక్కి, దర్శనం చేసుకుని, నడిచే దిగి వచ్చి పంక్తిలో కూర్చున్నప్పుడే వాడు మావాడు.

ఈ ఆచారాలన్నీ కార్యదర్శి చెంగల్రాయుడు పెట్టినవి. ఆ మనిషంటే నాకు అప్పుడూ గిట్టదు, ఇప్పుడూ గిట్టదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

ఆ ఏడు మునిరత్నం అని నగరి నుంచి ఒక పిల్లవాడు చేరాడు. నేతపని చేసే కుటుంబం. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. ఇంట్లో తెలుగే మాట్లాడినా అరవ యాస బాగా పట్టింది. 'గోవిందా' అని అనలేడు, 'కోవిందా' అనేవాడు. గొంతు ఇంకా పూర్తిగా మారలేదేమో, మొదట బొంగురుగా వచ్చి చివర కీచుమనేది. మేం నవ్వితే వాడూ నవ్వేవాడు.

వాడు కొండెక్కాల్సిన రోజు వచ్చేసరికి ఒళ్ళు వెచ్చబడింది.

"జొరమొచ్చినట్టుండాదన్నా, రెండు దినాలు తాళినాక పోతాను" అని అడిగాడు.

"కొండెక్కితే అదే దిగిపోతాది పోరా, గోవిందుడు సూసుకుంటాడు" అన్నాడు చెంగల్రాయుడు.

వాడికి ఎదురు చెప్పే ధైర్యం లేదు. పోయాడు. ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చివరి విస్తరి ముందు కూర్చుని, తన వంతు వచ్చినప్పుడు గట్టిగా 'కోవిందా' అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నాలుగు మెతుకులు కూడా తినలేదు. మరునాడు రైలెక్కించి పంపితే, వారం తిరక్కుండానే పోయాడని కబురు వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. పంక్తిలో తన వంతుగా వాడు గోవింద అన్నది ఆ ఒక్కసారే.

ప్రిన్సిపాలుకు మా సమాజం మీద మొదటినుంచీ కన్నెర్ర. రోగిష్టి పిల్లవాణ్ణి కొండెక్కించి చంపారని విచారణ పెట్టి, గుర్తింపు రద్దు చేస్తానన్నాడు. ఒక లెక్కన ఆయన అన్నది అబద్ధం కాదు. కానీ కొండెక్కించినవాడు ఒకడు, ఇల్లు పోయేది అందరికీ.

మాకోసం నోరు విప్పినవాడు లెక్కల అయ్యవారు ఒక్కడే. 'ఆదివారం పగలు వచ్చి వాళ్ళ పంక్తిలోనే తింటాను, ఎట్లా బతుకుతున్నారో కళ్ళారా చూసి చెబుతాను' అని ప్రిన్సిపాలును ఒప్పించాడు. ఆయన మాట మంచిగా ఉంటే ఇల్లు నిలుస్తుంది, నా పరీక్ష నిలుస్తుంది.

ఆ ఆదివారం ఇల్లు అద్దంలా కడిగాం. సంగటి మాని, దాచుకున్న రేషను బియ్యం వండాం. అయ్యవారికి పంక్తి మొదట పీట వేశాం. మునిరత్నం పోయాక కొత్తవాళ్ళెవరూ చేరలేదు. వాడి చోట విస్తరి వేయలేదు. దాని పక్కన, అంటే ఇప్పుడు పంక్తి చివర, వాడికి ముందు చేరిన నేను కూర్చున్నాను. నాకు అవతల సామాను గది గోడ. ఆ గదికి ఉన్న తలుపు ఒక్కటే, అదీ మా ఎదురుగానే ఉంది.

వరుసగా గోవిందలు వచ్చాయి. చివర నేను అన్నాను. ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకున్నాను.

అప్పుడు నా ఎడమ పక్కన 'కోవిందా' అని వినిపించింది.

మెల్లగా కాదు, గుసగుసగానూ కాదు. మొదట బొంగురుగా వచ్చి చివర కీచుమంది. మామూలుగా పంక్తిలో ఎట్లా అంటారో అట్లాగే. నేను పక్కకు చూశాను. ఖాళీ నేల, గోడ.

అందరూ విన్నారు. అయ్యవారూ విన్నాడు. తరగతిలో రోజూ హాజరు పిలిచేవాడు గనుక ఆ గొంతు ఆయనకూ తెలుసు. సగం పంక్తిలో లేవకూడదన్న మర్యాద కూడా వదిలేసి లేచాడు. ముఖం కందగడ్డ అయింది.

"చచ్చిపోయిన పిల్లవాడి మీద వేళాకోళమా? మనుషులేనా మీరు?" అన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆయన గడప దాటాడో లేదో చెంగల్రాయుడు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు.

"కడాన కూసోనుండేది నువ్వే కదరా!"

"నా నోట్లో ముద్ద ఉండాది. యా నోటితో అనేది?" అన్నాను.

నా మాట ఎవరు వింటారు? ఇద్దరు సామాను గదిలో జొరబడి మూటలన్నీ ఎత్తి చూశారు. ఎలుక కూడా లేదు. దాంతో అందరి అనుమానమూ నామీదే స్థిరపడింది. ఆ రోజు నుంచి నాకు వడ్డించేవాడు గరిటె విదిలించేవాడు. నేను వండిన పూట సగంమంది బయట తినివచ్చేవాళ్ళు. నిజం చెప్పాలంటే నాకు వాళ్ళకంటే మునిరత్నం మీదే కోపం వచ్చింది. నిన్ను కొండెక్కించింది నేను కాదు కదరా, నా చదువు మీద ఎందుకు పడ్డావు అని ఆ గోడవంక చూసి లోలోపల తిట్టుకున్నాను. దయ్యాలను నమ్మని నేను నమ్మినట్టు తిట్టుకోవడం నాకే సిగ్గనిపించింది.

ప్రిన్సిపాలు మా అందరినీ తన గదికి పిలిపించాడు. మునిరత్నం వాళ్ళ నాయనను కూడా, పిల్లవాడి జబ్బు సంగతి అడగడానికి, నగరి నుంచి రప్పించాడు. ఆయనను బయట వరండాలో బల్లమీద కూర్చోబెట్టారు. పంక్తిలో జరిగింది ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేం లోపలికి పోతుంటే నమస్కారం కూడా పెట్టాడు.

లోపల ప్రిన్సిపాలు మమ్మల్ని గోడవారగా నిలబెట్టాడు. ఒక్కొక్కరే గోవిందా అనండి, అయ్యవారు గొంతు గుర్తుపడతారు అన్నాడు. దొంగలను నిలబెట్టినట్టు నిలబెట్టి దేవుడి పేరు పలికించాడు. ఒకడు వణుకుతూ అన్నాడు, ఒకడు ఏడుస్తూ అన్నాడు, చెంగల్రాయుడు పళ్ళు బిగపట్టి అన్నాడు. చివర నేను అన్నాను. నాది మొదటినుంచీ లావు గొంతు. వద్దన్నా దాచుకోలేను.

తర్వాత గదిలో చప్పుడు లేదు. నాకేమీ వినపడలేదు. ఇది మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

"వీళ్ళెవరూ కారండీ. ఈ అబ్బాయి అసలే కాదు" అన్నాడు అయ్యవారు నన్ను చూపించి.

నా ప్రాణం కుదుటపడింది. అంతలో తలుపు తోసుకుని మునిరత్నం వాళ్ళ నాయన లోపలికి వచ్చాడు. భుజం మీది తువ్వాలు చేతిలో ఉంది.

"సామీ, మావాడు ఈడ ఉండాడా?" అన్నాడు.

ప్రిన్సిపాలు గద్దించాడు. ఆయన వినిపించుకోలేదు.

"ఇప్పుడు పలికినాడు గదా సామీ. అందరికన్నా కడాన పలికినాడే. మా మునిరత్నం గొంతు నాకు తెలీదా?"

లోపల ఉన్నవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాలో ఎవరికీ ఏమీ వినపడలేదు. ఆయన పంక్తి మొదటినుంచి ఒక్కొక్కడి ముఖం చూసుకుంటూ వచ్చాడు. ప్రతివాడూ తల దించుకున్నాడు. చివరికి నా ముందు ఆగాడు.

"నువ్వు పలికినావా నాయనా, వాని మాదిరి?"

నా గడ్డం పట్టుకున్నాడు.

"నువ్వే అని సెప్పు. నీకు పుణ్యముంటాది. లేకుంటే వాళ్ళమ్మకు నేనేమని సెప్పేది? మేము దహనం చేసినోడు ఇంకా ఈడ్నే పంక్తిలో ఉండాడని సెప్పేదా?"

ఆయన కళ్ళు నా ముఖం వదలలేదు. కోపంతో అడగలేదు, బతిమాలుతున్నాడు. ఎవడో పనికిమాలినవాడు తన కొడుకును ఎగతాళి చేశాడని వినడానికి అంతగా బతిమాలే తండ్రిని నేను మళ్ళీ చూడలేదు.

"నేనే" అన్నాను.

చెంప పగలగొట్టాడు. మగ్గం మీద పనిచేసిన చెయ్యి అది, దిమ్మతిరిగింది. "సచ్చినోని గొంతుతో ఆటలేందిరా" అన్నాడు. ఆ తర్వాత ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వచ్చినప్పటికంటే తేలికగా నడిచాడు.

అయ్యవారు నావంక చూశాడు. అది నా గొంతు కాదని ఆయనకు తెలుసు. తెలిసే తల తిప్పుకున్నాడు.

నన్ను కాలేజీ నుంచి తీసేశారు. సమాజానికి గుర్తింపు రద్దయింది. ఇల్లుగలాయన మా పెట్టెలు వీధిలో పెట్టించి తాళం వేసుకున్నాడు. చుట్టాలున్నవాళ్ళు చుట్టాల ఇళ్ళకు చేరారు, లేనివాళ్ళు చదువు మానుకున్నారు. వెళ్ళేటప్పుడు ఒక్కడూ నాతో మాట్లాడలేదు. చెంగల్రాయుడు నా పెట్టె మీద ఉమ్మేసి పోయాడు. తర్వాత మద్రాసులో మేనమామ ఇంట్లో ఉండి బి.ఏ. పూర్తిచేసి పెద్ద ఉద్యోగం చేశాడు. నేను పలమనేరులో పశువులు పెట్టుకుని పాలు పోస్తూ బతికాను. ఎప్పుడైనా మా వైపు వచ్చి దారిలో ఎదురైతే వాడు ముఖం తిప్పుకునేవాడు. నేనూ తిప్పుకునేవాణ్ణి.

దయ తలచి ఆ మాట అన్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ మనిషి నావంక అట్లా చూడటం ఆపితే చాలనిపించింది. అన్న తర్వాత చాలా ఏళ్ళు ఆయన మీదా పళ్ళు నూరుకున్నాను.

పంక్తిలో నా పక్కన పలికింది ఎవరో, ఆ గదిలో ఆయనకు వినిపించింది ఏమిటో నేను ఎంత ఆలోచించినా తేలలేదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. మా ఇంట్లో వాళ్ళు కూడా, కుర్రతనం కొద్దీ నేనే చేశాననుకుంటారు. నేనూ దిద్దలేదు. నేను కాదన్న మాట నగరిదాకా పోతే ఆయనకు మళ్ళీ నిద్ర ఉండదని.

పోయిన నెల నగరి నుంచి వచ్చిన చీరల వర్తకుణ్ణి అడిగితే ఆయన కాలం చేశాడని చెప్పాడు. భార్య అంతకుముందే పోయిందట. ఇక వినడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు పలికింది నేను కాదు.