మధ్య ఇంజనులో అమ్మన్న

అమ్మన్న తండ్రి టెక్కలి పక్కనుంచి బిలాస్‌పూర్ వచ్చి పట్టాల మీద గ్యాంగు పని చేసిన మనిషి. కొడుకు గూడ్సు ఇంజనెక్కడమే ఆ ఇంటికి పెద్ద ఘనత. మరదలి మొగుడు నాగేంద్ర కూడా ఇంజనెక్కకపోయుంటే, ఆ ఘనతతోనే అమ్మన్న హాయిగా బతికేసేవాడు.

సర్వీసులో అమ్మన్నే పెద్ద. పొడవాటి బండి వచ్చాకే ఆ పెద్దరికం తలకిందులైంది. మూడు బొగ్గు బండ్లను ఒకదాని వెనక ఒకటి తగిలించి ఒక్క బండిగా నడపాలన్నారు పైవాళ్ళు. ముందు ఇంజనుకి శిక్షణ పొందినవాడు కావాలి. శిక్షణ ఇచ్చిన రోజుల్లో అమ్మన్న కామెర్లతో మంచం మీద ఉన్నాడు. నాగేంద్ర వెళ్ళొచ్చాడు. అమ్మన్నకి మధ్య ఇంజను దక్కింది.

మొదటి రోజు ముందు ఇంజనుకీ, నాగేంద్ర మెడకీ బంతిపూల దండలు పడ్డాయి. ఆ చప్పట్లు అమ్మన్న వాకీటాకీలో విన్నాడు. దారి పొడుగునా అతని కళ్ళెదుట ఉన్నది ఒక బొగ్గు పెట్టె వెనక గోడ. సిగ్నలు కూడా కనబడదు. నాగేంద్ర బ్రేకు వెయ్యమంటే వెయ్యాలి, లాగమంటే లాగాలి.

గతౌరా స్టేషను దాటాక వాకీటాకీ పలికింది.

"అన్నయ్యా, ఎలగుంది ఎనకాల?"

"ఏటెలగుంటాది? నీ బొగ్గు దుమ్ము తింటన్నాను."

"అచ్ఛా! అయితే అన్నం వండొద్దని వదినకి చెప్పమంటావేటి?"

ఇంటికెళ్తే భార్య సౌభాగ్య ఫోను చూపించింది. "మా చెల్లి మొగుడి ఫోటో చూడండి, ఎంత బాగా వచ్చిందో!"

"ఇంజను తోలినోడికి దండలేటి? పెళ్ళికొడుకా?"

"మీకు పెళ్ళినాడు నేనేసిన దండ చాల్లేదేటి?"

అమ్మన్న ఆ ఫోను బోర్లా పెట్టేశాడు. ఒక్కసారి తను ముందుండాలి, నాగేంద్ర మధ్యలో కూర్చుని ఆ గోడ చూస్తూ రావాలి. అంతే అతని కోరిక. అందుకోసం కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని శిక్షణ పూర్తి చేశాడు.

చివరికి ముందు ఇంజనుకి పిలుపొచ్చింది. డ్యూటీలు వేసే గుమస్తాని మొట్టమొదట అడిగిన మాట, "మధ్య ఇంజనుకి నాగేంద్రేనా?"

"అక్కడ మనిషెందుకు దాదా? ఇవాళ్టినుంచి వైర్లెస్సు. నువ్వు ముందు బ్రేకేస్తే వెనక ఇంజన్లకీ వాటంతటవే పడతాయి. నాగేంద్రకి రెస్టు."

శిక్షణలో ఆ వైర్లెస్సు గురించి చెప్పారు. అది ఇంకెప్పటికో అనుకున్నాడు అమ్మన్న.

దారంతా పచ్చ సిగ్నళ్ళు, ఎదురుగా విశాలమైన ఆకాశం. అవేవీ అతని కంటికి ఆనలేదు. వెనక కుళ్ళుకునేవాడు ఒక్కడూ లేడు. బిల్హా స్టేషన్లో బెంచీ మీద నాగేంద్ర కనిపించాడు. ఏదో పెళ్ళికొచ్చినట్టున్నాడు, భార్య పక్కన కూర్చుని వేయించిన పల్లీలు తింటున్నాడు. అమ్మన్న గట్టిగా హారన్ కొట్టాడు. నాగేంద్ర చెయ్యి ఊపాడు, వెంటనే భార్యవైపు తిరిగి ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఏటన్నాడు?

అడుగుదామంటే డ్యూటీలో ఫోను ముట్టుకోకూడదు. నాగేంద్ర హాయిగా పల్లీలు తింటూ వెనకబడిపోయాడు. అమ్మన్న కడుపు రాయ్‌పూర్ దాకా మండుతూనే ఉంది.