బావ రాసిన మైనస్

నిన్న నా క్లాసులో చదివే అమ్మాయి నా ఫోన్‌కి ఒక ఫొటో పంపింది. క్వాంటం మెకానిక్స్‌లో, మొమెంటం లెక్కల్లోంచి కణం సగటు స్థానం కట్టే డెరివేషన్. "ఈ మైనస్ ఎలా పోయింది సార్?" అని అడిగింది. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా ఆ మెట్టు దగ్గర నాకు భయం పోలేదు.

ఆ భయం మా బావ పెట్టింది. శ్రీకాకుళంలో అక్క ఇంట్లో ఉండి ఎమ్మెస్సీ చదివాను. బావ ఫిజిక్స్ లెక్చరర్. ఇడ్లీ తుంచుకుంటుంటే కూడా ప్రశ్న వేసేవాడు. జవాబు రాకపోతే చట్నీ గిన్నె నా వైపు వచ్చేది కాదు. ఆయన బండి చప్పుడు వినబడితే నేనూ, ఏ పాపం ఎరగని అక్కా కూడా సర్దుకుని కూర్చునేవాళ్లం. అలాంటి మనిషి, నా చదువు నడుస్తుండగానే, పక్షవాతంతో నెలల తరబడి మంచం పట్టి లేచాడు. మాట వచ్చింది, చెయ్యి వచ్చింది. లెక్క వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. మళ్లీ కాలేజీకి వెళ్లాల్సిన ముందురోజు నన్ను హాల్లో బోర్డు ముందు కూర్చోబెట్టాడు.

"ఒరే, సూస్తుండు. ఇది తప్పొస్తే ఇంక పాఠం సెప్పను. మానేస్తాను" అన్నాడు.

కణం స్థితిని చెప్పే వేవ్ ఫంక్షన్‌ని మొమెంటంలో రాశాడు. స్థానాన్ని మొమెంటం మీద డెరివేటివ్‌గా మార్చాడు. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ చేసి, అనంతం దగ్గర ఫంక్షన్ సున్నా కాబట్టి అంచుల్లో మిగిలేదేమీ లేదని కొట్టేశాడు. అక్కడ మైనస్ గుర్తు మారాలి. మార్చలేదు. చివరికి ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ వచ్చి నిలబడింది.

చెబితే ఆయన ఉద్యోగం నా చేతుల్లోనే పోతుంది. చెప్పకపోతే రేపు పిల్లల ముందు పోతుంది. వంటింట్లో అక్క గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఏటిరా, అలా సూస్తన్నావు?" అన్నాడు. ఇన్నాళ్లూ నన్ను వణికించిన మనిషి నా ముఖం చూసి వణుకుతున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"కణాన్ని కుడికి జరిపి సరిసూసుకోమని నువ్వే సెప్తావు కదా బావా" అన్నాను ఎలాగో.

లెక్కలో జరిపి చూశాడు. కుడికి జరిపిన కణం ఎడమకు తేలింది. బోర్డు పైమెట్టు దాకా తుడిచి, గుర్తు మార్చి మళ్లీ రాశాడు. సుద్దముక్క కింద పెట్టాడు.

"రేపు నువ్వూ రా. ఎనక బెంచీలో కూకో" అన్నాడు మెల్లగా.

వెళ్లాను. రిటైరయ్యేదాకా పాఠం చెప్పాడు. ఇప్పుడు లేడు. ఆనాటి ఆయన వయసు నాకొచ్చింది. బోర్డు మీద చెయ్యి ఆగినప్పుడల్లా వెనక బెంచీ వైపు తిరిగి చూస్తాను. కాలం నన్ను ఆయన చోట నిలబెట్టింది గానీ, నా చోట ఎవరినీ కూర్చోబెట్టలేదు.