గెర్గినా కుట్టిన సర్క్యూట్లు

గాబ్రోవో రేడియో క్లబ్బులో రేడియో కట్టడం నేర్పే పుస్తకం ఒక్కటే ఉండేది. బూడిదరంగు అట్ట ఊడిపోతే ఎవరో నల్లటేపు చుట్టారు. మా ఊళ్ళో సొంతంగా రేడియో కట్టిన ప్రతివాడూ అందులోంచే నేర్చుకున్నాడు. నేనూ అంతే. కానీ గెర్గినా చదివినట్టు దాన్ని మాలో ఎవరూ చదవలేదు.

గెర్గినా ఉన్ని మిల్లులో మగ్గం మీద పనిచేసేది. తమ్ముడు మింకో నాతోపాటు క్లబ్బుకు వచ్చేవాడు. ఒక వేసవిలో ఇంటి గోడ బాగుచేద్దామని సున్నపురాళ్ళు నీళ్ళలో వేసి కలుపుతుంటే సున్నం పొంగి అతని కళ్ళలో పడింది. రెండు కళ్ళూ పోయాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను వెళ్తే, "తర్వాత రా" అనేవాడు.

ఒకరోజు గెర్గినా మిల్లు బట్టల్లోనే క్లబ్బుకు వచ్చింది.

"ఆ పుస్తకం ఇవ్వు పెన్యో బాబాయ్."

క్లబ్బు పెద్ద పెన్యో కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నీకెందుకమ్మా? ఇది అల్లికల పుస్తకం కాదు."

"వాడు సగం చదివాడు. మిగతా సగం నేను చదివి వినిపిస్తా."

"అందులో సగం బొమ్మలే. వాటినేం చదువుతావు?"

"అది నా తిప్పలు. ఇస్తావా, ఇక్కడే కూర్చుని పెద్దగా చదవమంటావా?"

ఇచ్చాడు. మొదటిరోజు చదువుకి నేనూ వెళ్ళాను.

"ఎడమపక్క నుంచి ఒక గీత వస్తుంది. తర్వాత పాములా మెలికలు తిరిగింది" అంది గెర్గినా.

"అది రెసిస్టర్. తర్వాత?" అన్నాడు మింకో.

"ఇంకో గీత మీదికి వెళ్ళింది."

"దాన్ని దాటుతుందా, దానితో కలుస్తుందా?"

"నాకేం తెలుసురా! గీత మీద గీత ఉంది."

"చుక్క ఉందా అక్కా, చుక్క?" అని అరిచాడు మింకో. "చుక్క ఉంటే కలిసినట్టు, లేకపోతే దాటినట్టు! పోనీలే, వదిలెయ్. గుడ్డివాడికి రేడియో ఎందుకు?"

గెర్గినా పుస్తకం మూసేసింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"పడుగు మీంచి పేక పోయినట్టన్నమాట" అంది తనలో తాను. "ముడి పడితే ఒకటి, పడకపోతే ఇంకొకటి. ఇంతేనా? ముందే చెప్పి చావొచ్చుగా!"

తర్వాతి ఆదివారం మింకో ఒళ్ళో ఒక మందపాటి ఉన్నిబట్ట పెట్టింది. పుస్తకంలోని సర్క్యూట్ మొత్తం దాని మీద దారంతో కుట్టింది. చుట్టిన తాడు కాయిల్, బొత్తాం రేడియోలో వెలిగే గాజు వాల్వు. గీతలు కలిసిన చోట ముడి. దాటిన చోట దారాన్ని బట్టకు అంటకుండా వంతెనలా వదిలింది. మింకో వేళ్ళు దాని వెంట మెల్లగా నడిచాయి.

"ఈ బొత్తాం నా కోటుది కదూ?"

"మరి? పిసినారుల ఊరు గాబ్రోవోలో పుట్టి కొత్త బొత్తాం కొనమంటావా?"

కళ్ళు పోయాక అతను నవ్వడం అదే మొదలు.

బొమ్మ అర్థమైంది, ఇక కట్టాలి. క్లబ్బులో కట్టడానికి పెన్యో ఒప్పుకోలేదు. "వాల్వు రేడియోలో కరెంటు మనిషిని చంపేస్తుంది. వాడికేమైనా అయితే నేను జవాబు చెప్పాలి."

"అయితే మా వంటింట్లోనే కడతాం" అంది గెర్గినా. "కాలే పనులన్నీ నావి."

చలికాలమంతా అతను చెప్పడం, ఆమె టంకం పెట్టడం. అతుకు చల్లారాక, ప్లగ్గు తీసి ఉందో లేదో చూశాక, మింకో వేలితో తడిమి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆమె తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెట్టేది. చివరికి స్విచ్చి వేస్తే రేడియో గుర్రుమంది తప్ప ఏమీ పలకలేదు. మింకో అతుకులన్నీ మళ్ళీ తడిమాడు. అన్నీ బట్టలో ఉన్నట్టే ఉన్నాయి.

"పుస్తకంలో తప్పుండదు. లోపం నాలోనే ఉంది" అన్నాడు, గొంతు తగ్గించి.

గెర్గినా పుస్తకాన్నీ బట్టనూ పక్కపక్కన పరిచి, గీత గీతా వేలు పెట్టి పోల్చింది.

"నీలో కాదు, నాలో. ఇదిగో, వంతెన ఉండాల్సిన చోట ముడి వేశాను."

కత్తెరతో ఆ ముడి కోసేసి, రేడియోలోనూ ఆ అతుకు విప్పింది. ఈసారి స్విచ్చి వేస్తే గుర్రు లేదు. సముద్రపు హోరులాంటి సన్నని చప్పుడు. అందులోంచి ఎక్కడివో టకటకలు. క్లబ్బులో నేర్చుకున్న మోర్స్ సంకేతాలు మింకో మరిచిపోలేదు.

"సముద్రం అవతల, ఒడెస్సా" అన్నాడు కాసేపు విని. "అక్కడ వాన పడుతోందట."

మరుసటి ఏడాది అతను రేడియోలో సందేశాలు పంపే లైసెన్సు పరీక్ష నెగ్గాడు. గాలిలో మాటలు కలిసిన అంధులు చాలామంది, "మాకూ ఆ బట్టలు కావాలి" అన్నారు. గెర్గినా మిల్లు వాళ్ళ టేప్ రికార్డర్ అడిగి తెచ్చి పుస్తకమంతా చదివింది. "ఎడమ చూపుడువేలు పై ముడి మీద పెట్టు. అక్కడినుంచి కిందికి రా. తొందరపడకు." టేపుల్లో ఆమె గొంతు వెనక సూపు ఉడుకుతున్న చప్పుడు కూడా ఉంటుంది. ప్రతి టేపుతో ఒక బట్ట పోస్టులో వెళ్ళేది.

వాల్వుల కాలం పోయి ట్రాన్సిస్టర్ల కాలం వచ్చింది. "ఆ పాత పుస్తకం ఇంకెవరికి కావాలమ్మా?" అన్నాడు పెన్యో.

"వాల్వు పోతే పోనీ. కరెంటు పారే తీరు మారిందా? మారిందని చెప్పు, మానేస్తా."

ఆమె ట్రాన్సిస్టర్లకూ బట్టలు కుట్టడం మొదలుపెట్టింది.

జుట్టు నెరిశాక ఒకసారి, కొండ మీద జరిగే రేడియో వాళ్ళ సమావేశానికి ఆమెను మింకో, నేనూ బలవంతాన లాక్కెళ్ళాం. చిక్కుడుగింజల సూపు కోసం వరసలో నిలబడి, "నాకు కారం తక్కువ వెయ్యి నాయనా" అంది. ముందున్న తెల్లకర్ర మనిషి చటుక్కున తిరిగాడు.

"అమ్మా, ఒక్కసారి 'కెపాసిటర్' అనండి."

"ఏమిటీ?"

"అనండమ్మా, దయచేసి."

"కెపాసిటర్" అంది గెర్గినా, అయోమయంగా.

అతను గిన్నె కింద పెట్టి ఆమె చేతులు వెతికి పట్టుకున్నాడు. "మాది వర్నా ఊరు. మీ టేపులు విని నేర్చుకుని, రేడియోలు బాగుచేస్తూ బతుకుతున్నాను. ఏ చిక్కు వచ్చినా నా తలలో మీరే చదువుతారు."

"మా అక్క నోరు కట్టేసిన మొదటి మనిషివి నువ్వే" అన్నాడు మింకో.

ఆమె చేతిగుడ్డతో ముఖం తుడుచుకుంది. "తొమ్మిదో అధ్యాయం నీకు అర్థమైందా? చదివానేగాని నాకు తలకెక్కలేదు."

"నిజం చెప్పాలంటే, నాకూ అంతేనమ్మా."

"అయితే రా, కూర్చో."

ముగ్గురూ గడ్డి మీద కూర్చున్నారు. గెర్గినా సంచిలోంచి సూదీ దారం తీసింది.