బొంతలు కొట్టిన అర్ర

మా బాపు మెడికల్ అన్‌ఫిట్ కావాలని నేను కొండగట్టులో మొక్కుకున్నాను. గోదావరిఖనిలో ఆ ఏళ్లలో నా ఈడు వాళ్లు చాలామంది ఆ మొక్కే మొక్కేవాళ్లు. తండ్రి బొగ్గుబావిలో దిగడానికి పనికిరాడని డాక్టర్లు రాసిస్తే కొలువు కొడుక్కి వస్తుంది. అందుకే మా కార్మికుల క్వార్టర్ల లైన్లలో తండ్రి గట్టిగా దగ్గితే కొడుకు ముఖంలో ఆశ కనిపించేది. ఇందులో తప్పుందని ఎవరమూ అనుకోలేదు. బాపూ అనుకోలేదు. డాక్టర్ల ముందు నిలబడాల్సిన పొద్దున దవాఖాన మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆయాసం తెచ్చుకుని మరీ లోపలికి వెళ్లాడు.

కొలువు నాకు వచ్చింది. కొన్నాళ్లు లోపల పనిచేశాక, బావిలోకి గాలి ఆడించే పెద్ద ఫ్యాను దగ్గర వేశారు. షిఫ్టంతా ఆ మోత. ఇంటికి వచ్చినా చెవులు వదిలేది కాదు. దాన్ని పోగొట్టుకోవడానికే టేపురికార్డరులో పాటలు వినడం మొదలుపెట్టాను. వినడం చాలలేదు. పాటలు నేనే టేపులో తీయాలనిపించింది.

మా లైన్లలో ఆంజనేయస్వామి భజన మండలి ఉండేది. దాని పెద్ద మా పక్క క్వార్టరతను, మంచి గొంతు. వాళ్ల పాటలు క్యాసెట్టు చేసి, మండలి కొండగట్టు వెళ్లేనాటికి స్వామి పాదాల దగ్గర పెట్టాలన్నది నా ఆలోచన. మొక్కు తీరినట్టూ ఉంటుంది, పేరూ వస్తుంది. రెండింటిలో నాకు కావలసింది పేరేనని ఇప్పుడు ఒప్పుకోవడానికి ఇబ్బంది లేదు. హైదరాబాదులో స్టూడియోకు వెళ్లే తాహతు మాకెవరికీ లేదు. ఇంట్లోనే తీద్దామన్నాను.

దుబాయి నుంచి వచ్చిన జగిత్యాల వైపతను ఒకడు నాకు డబుల్ క్యాసెట్ రికార్డరు అమ్మాడు. గోదావరి దాటి మంచిర్యాల వెళ్లి, పెళ్లిళ్లకు మైకుసెట్టు కట్టే అతని దగ్గర పాత మైకు తెచ్చాను. ఇక కావలసింది చప్పుడు రాని గది. క్వార్టరుకు ఉన్నవి రెండు గదులు. ముందు గది గల్లీ మీదికి ఉంటుంది, పనికిరాదు. వెనక గది, మా మాటలో అర్ర, బాపుది. దానికున్న ఒకే కిటికీ కింద ఆయన నులకమంచం.

కిటికీ రెక్కలు మూసి మేకులు దిగ్గొట్టాను. దాని మీద గోనెసంచులు, సంచుల మీద పాత బొంతలు. గోడల చుట్టూ అట్లాగే. హోటలు వెనక పారేసిన కోడిగుడ్ల అట్టలు తలుపుకు అంటించాను. గొంతుకు కొంచెం మారుమోత రావాలని, అవ్వ, అంటే మా అమ్మ, నీళ్లు నింపుకునే గోలెం తొట్టిని ఖాళీ చేసి మూలకు పెట్టి, మైకు దాని మూతి దగ్గర వేలాడదీశాను. అవ్వ అప్పటినుంచి నల్లా దగ్గరికి బిందెతో తిరిగేది. లోపల నిలబడి చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయింది. నా జన్మలో అంత గర్వంగా ఎన్నడూ లేను.

అవ్వ గుమ్మంలోంచి చూసింది. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు.

"బాయిల గాలాడకనే ఆయన గిట్లయిండు. ఇప్పుడు ఇంట్ల గూడ బాయి చేసినవా?"

కొండగట్టు పోయేదాకా ఓపిక పట్టమని కసురుకున్నాను. గాలి ఆడించడమే నాకు జీతమిచ్చే పని అని ఆ క్షణంలో తట్టలేదు. రాత్రిళ్లు బాపు ఆ గదిలోనే పడుకునేవాడు. ముందు గదిలో డోలూ హార్మోనియమూ ఉండేవి కదా.

మండలి వాళ్లంతా మొదటి షిఫ్టు దిగి, స్నానాలు చేసి సాయంత్రం వచ్చేవారు. మొదటి పాట సగంలో గోడ అవతల బాపు దగ్గాడు. పాట ఆపాను. బాపు తలుపు తీసి నవ్వుతూ చూశాడు.

"నా దగ్గు తాళం తప్పలే గదరా, ఉంచరాదు?"

"మామా, నీకు దక్షిణ ఇచ్చి డోలు కాడ కూసోబెడ్తం తీయ్" అన్నాడు మండలి పెద్ద. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పాట మళ్లీ మొదలుపెట్టించాను, మళ్లీ దగ్గు పడింది. కొత్త క్యాసెట్లు కొనే స్థితి లేక, చెడిన పాట మీదనే మళ్లీ తీసేవాణ్ణి. చెడిన పాటలంటే బాపు దగ్గు పడినవే.

మర్నాటి నుంచి బాపు నేను చెప్పకముందే తువ్వాల మెడకు చుట్టుకుని వెనక వాకిట్లోకి వెళ్లి కూర్చునేవాడు. అది చలికాలం. సాయంత్రమయ్యేసరికి మా లైన్లలో ప్రతి వాకిట్లో బొగ్గు పొయ్యి రాజేసేవారు. పచ్చి బొగ్గు కాలి ఎర్రబడేదాకా వచ్చే పొగ పైకి పోయేది కాదు, మంచుతో కలిసి గల్లీలోనే నిలబడేది. బొంతల మధ్య మాకు ఆ వాసన కూడా తగిలేది కాదు. అంత బాగా మూశాను.

చివరి పాట మిగిలింది. పాడేవాళ్లకు మాంచి ఊపు వచ్చింది, పాట అయిపోవస్తోంది, అంతలో వాకిట్లోంచి దగ్గు గోడను దాటుకుని వచ్చింది. నేను బయటికి వెళ్లాను. బాపు తువ్వాలను ఉండ చేసి నోట్లో కుక్కుకుని ఉన్నాడు. కళ్లలో నీళ్లు కారుతున్నాయి.

"బాపూ, జర నల్లా దాక పోరాదు. గీ ఒక్క పాట అయిపోతది."

తువ్వాల తీసి, ఊపిరి అందుకున్నాక అన్నాడు. "పోత తీయ్. నీ పని కానియ్యి."

నల్లా గల్లీ చివర ఉంటుంది. అక్కడికి వెళ్లాలంటే అన్ని పొయ్యిల పొగలోంచి నడవాలి. ఆ సంగతి తెలిసే పంపాను. తెలియదని చాలాకాలం చెప్పుకున్నాను.

పాట అద్దంలా వచ్చింది. వెనక్కి తిప్పి విన్నాం. మళ్లీ విన్నాం. మండలి పెద్ద నా భుజం తట్టాడు. బాపును పిలవాలని నాకు గుర్తు రాలేదు. బిందె పట్టుకుని నీళ్లకు వెళ్లిన అవ్వకే కనిపించాడు, నల్లా గద్దెకు ఆనుకుని, పెదవులు నల్లబడి. భజన పాడినవాళ్లే మంచం మీద మోసుకుని దవాఖానకు తీసుకెళ్లారు. ఆయన తిరిగి ఇంటికి రాలేదు. ఊపిరితిత్తులు ఎప్పుడో పోయాయని డాక్టరు అన్నాడు. ఆ మాట వెనక నేను ఏళ్లకేళ్లు దాక్కున్నాను.

మండలి వాళ్లు క్యాసెట్టు కొండగట్టు తీసుకుపోయి స్వామి దగ్గర పెట్టారు. మైల ఉన్నందున నేను వెళ్లలేదు. విన్నవాళ్లందరూ స్టూడియోలో తీసినట్టే ఉందన్నారు.

కర్మలయ్యాక అవ్వ బొగ్గు కొట్టే సుత్తె తెచ్చి కిటికీ మేకులు తనే పీకింది. నేను చేయి వేయబోతే వద్దంది. బొంతలు ఉతికి ఆరేసింది, గోలెం ఈడ్చుకుపోయి మళ్లీ నీళ్లు పోసింది. నేను మాత్రం తలుపు దగ్గర కూర్చుని, పాటలు తీసిన అసలు క్యాసెట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేస్తూ వింటున్నాను. పాటకూ పాటకూ మధ్య, టేపు మొదట్లో, చివర్లో, ఎక్కడన్నా ఒక తునక మిగిలి ఉంటుందేమోనని.

అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. అప్పటిదాకా ఆ పాటలు ఒక్కసారి కూడా వినలేదు ఆమె.

"ఆయన దగ్గు ఏడన్న ఉన్నదా అండ్ల?"

"లేదవ్వా."

కాసేపు టేపు తిరగడం చూసింది.

"మంచిగనే తీసినవ్ బిడ్డా" అంది.