పోయే గుమ్మంలోంచి వచ్చిన కోడలు

మా ఊరికి బైపాస్ వచ్చింది, సీసీ రోడ్లొచ్చాయి, బిర్యానీ పాయింట్లు కూడా వచ్చేశాయి. కొత్త కోడలు మాత్రం ఇప్పటికీ కోట తూర్పు గుమ్మంలోంచే రావాల. కారైనా ఆటో అయినా అక్కడ ఆగాల్సిందే. పిల్ల దిగి, కుడికాలు ముందెట్టి, ఆ రాతి గుమ్మం దాటి ఊళ్లోకి నడిచి రావాల. దాన్ని వచ్చే గుమ్మం అంటాం. నా టైలరింగ్ షాపు దాని పక్కనే, కోటగోడని ఆనుకుని ఉంది. ఎవరింటి కోడలు ఏ చీరలో వచ్చిందో, జాకెట్టు ఎక్కడ బిగిసిందో ముందు నాకే తెలుస్తాది.

పడమట ఇంకో గుమ్మం ఉంది. అది పోయే గుమ్మం. ఊళ్లో ఎవరు పోయినా అటే తీసుకెళ్తారు. ఆడోళ్లం లోపలి పక్కే ఆగిపోతాం. మోసే మగోళ్లు గుమ్మం దాటాక వెనక్కి తిరిగి చూడరు. వల్లకాట్లో పనయ్యాక పక్కనున్న గెడ్డలో, అదే వాగులో మునిగి, గట్టెంబడే చుట్టు తిరిగి, వచ్చే గుమ్మంలోంచి ఇళ్లకి చేరతారు. పోయే గుమ్మంలోంచి బతికున్న మనిషి లోపలికి రావడం నేను పుట్టాక వినలేదు. అటెవడొస్తాడు? ఒడిశా కొండల దాకా తుమ్మలూ వల్లకాడే కదా. సరిహద్దు కాయడానికి కట్టిన కోట అంటారు. ఎవరు కట్టారయ్యా అని అడిగితే నోటికో పేరు చెప్తారు.

మా అప్ప కొడుక్కి పెళ్లయింది. అప్పంటే నా తోడబుట్టిన అక్క, మా వైపు అలాగే పిలుస్తాం. అప్పటికి మా బావ పోయి ఏడాది దాటింది. ఊడుపులు చేయించి ఇంటికొచ్చి మంచినీళ్లడిగిన మనిషి, అప్ప గ్లాసు తెచ్చేలోగానే లేడు. అప్పట్నుంచీ దానికి ప్రతిదానికీ భయమే. కొడుకు బండి తాళం తీస్తే చాలు, గుండె పట్టుకునేది. అలాంటిది పెళ్లికి ఒప్పుకుందంటే మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. పిల్లది సరిహద్దుకి అవతల ఊరు. తెలుగూ ఒరియా రెండూ గలగలా మాట్లాడేస్తాది.

పెళ్లి వాళ్లూళ్లోనే చేశారు. మర్నాడు మధ్యాహ్నం కోడలొస్తాదని మేమంతా సన్నాయి, డప్పులతో వచ్చే గుమ్మం దగ్గర ఎండలో నిలబడ్డాం. నా చేతిలో ఎర్రనీళ్ల పళ్లెం. అప్ప ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఎంతకీ కారు రాదు. సన్నాయాయన వెళ్లి టీ తాగొచ్చాడు, అయినా రాదు. ఇంతలో అప్పా వాళ్ల పక్కింటి ముసలమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"ఒలే, ఇక్కడేటి సేస్తన్నారే? కోడలొచ్చీసి వీధిలో నిలబడున్నాది!"

ఓలమ్మో! జరిగిందేటంటే, కారు డ్రైవరు విశాఖపట్నం వాడు. ఫోన్లో దారి చూసుకున్నాడు. బైపాస్ నుంచి వల్లకాడు పక్కగా కొత్తగా మట్టిరోడ్డేశారు, ఫోను దగ్గరదారని దాన్ని చూపించింది. మా పెళ్లికొడుకు వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్ర. గుమ్మం ఇరుకు, కారు పట్టలేదు. పిల్ల దిగి, వాణ్ణి లేపి, కొంగుముడితో అలాగే లోపలికి నడిపించుకొచ్చేసింది. వీధిలోకొచ్చాక గాని మా వాడికి తెలివి రాలేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు, మా వాడికే చెప్పారు కాబోలు. "ఒరే, అది బుర్రా, బూడిద గుమ్మిడికాయా?" అని వీధిలోనే దులిపేశాను.

అప్ప అరవలేదు. అదే నాకు భయమేసింది. గడప మీద కూలబడి, గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టేసింది.

"మీ బావ ఎల్లిన దారిలో వచ్చినాదే. నాకున్నది ఒక్క కొడుకు. వద్దు, లోనికి రానివ్వను."

జనానికి ఇంకేం కావాలి? శాంతి చేయించమని ఒకావిడ, పుట్టింటికి పంపేసి మంచిరోజు చూసి తెచ్చుకోమని ఒకాయన. పిల్ల చెమటకి కాటుక కారిపోయి, పట్టుచీరలో బిక్కచచ్చిపోయి నిలబడింది. ఆ పూట ఆ గడప దాటకపోతే జన్మంతా పోయే గుమ్మం కోడలే. ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా దాని పాదమే అంటారు. మా ఊరు నాకు తెలీదేటి? నాకు ఒళ్లు మండిపోయింది.

నేను నోరెత్తేలోగా పిల్లే మాట్లాడింది. "నానేటి తప్పు సేసినాను అత్తా? గుమ్మం మీద లచ్చిందేవి ఉన్నాది. అటూ ఇటూ ఏనుగులు నీళ్లు పోస్తన్నాయి. మావూళ్లో ముందు గుమ్మాలకి అలాగే ఉంటాది. దండం ఎట్టుకుని, కుడికాలెట్టే వచ్చినాను."

పోయే గుమ్మానికి లక్ష్మేటి? అందరం మొహమొహాలు చూసుకున్నాం. లోపలి పక్కంతా బోడి రాయే. అవతలి పక్క ఆడోళ్లం ఎప్పుడూ చూడలేదు, మగోళ్లు వెనక్కి తిరగలేదు. పాడె మోసే పెద్దాయన్ని అడిగితే, "తలెత్తి సూసీ సోటేటే అది?" అని నన్నే కసిరాడు. అవతల తుమ్మల్లో మేపుకునే మేకలోళ్లు చూసే ఉంటారు. వాళ్లనెవరు అడిగారు?

"అప్పా, లే. చూసొద్దాం."

"ఆడోలం ఆ గుమ్మం దాటకూడదే."

"శవం వెనకాల దాటకూడదన్నారు. ఇప్పుడు శవమేదీ? నడు." రెక్క పట్టుకుని లేపేశాను. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటారు. ఆ రోజుకి అదే పనికొచ్చింది.

సన్నాయి, డప్పులోళ్లతో సహా ఊరంతా మా వెనకే. గుమ్మం లోపలి పక్క, బావ పాడె వెళ్లిన రోజు మేం ఆగిపోయిన చోటికి రాగానే అప్ప కాళ్లు ఆగిపోయాయి. అక్కణ్ణుంచే బావని ఆఖరిసారి చూసింది. ఒక్కసారిగా ఏడ్చేసింది, దాన్ని చూసి నేనూ ఏడ్చాను. పిల్ల ముందుకి నడిచి, గుమ్మం అవతల నిలబడి చెయ్యి చాపింది. అప్ప ఆ చెయ్యి వంక కాసేపు చూసి, పట్టుకుని దాటింది.

అవతల నిలబడి వెనక్కి తిరిగి తలెత్తాం. నిజమే, ఉంది. పాత సున్నం పొరల కింద ముక్కు అరిగిపోయిన లక్ష్మి. ఒక ఏనుక్కి తొండం లేదు. ఎదురుగా దూరంగా కొండలు. ఒకప్పుడు కొండదారిన వచ్చేవాళ్లకి ఇదే ముందు గుమ్మం అయ్యుంటాది. తర్వాత ఊరు తూర్పుకి పెరిగి, ముందుది కాస్తా వెనకదైపోయి ఉంటాది. చదువుకున్నోళ్లు కాదంటే కాదనుకోండి, నాకలాగే అనిపించింది.

అప్ప లక్ష్మి వైపే చూస్తోంది. "ఒలే, ఈ తల్లి సూస్తండగానే ఎల్లినాడు కదే మీ బావ," అంది. "నాను లోనే ఆగిపోనాను. ఒక్కడూ ఎల్లిపోనాడు, ఎనకాల ఎవలూ లేరు అనుకున్నాను ఇన్నాళ్లూ."

అప్ప కళ్లు తుడుచుకుని, అదే కొంగుతో పిల్ల బుగ్గ మీద కాటుక తుడిచింది. "ఎండలో నిలబెట్టీసినాను తల్లీ. ఆకలేస్తన్నాదా?" అనడిగింది. పిల్ల ఏడుస్తూనే తలూపింది.

లోపలి పక్క నుంచి పెద్దాయన అరిచాడు, ఎలాగూ బయటకెళ్లారు కదా, గట్టెంబడే చుట్టు తిప్పి వచ్చే గుమ్మంలోంచి తీసుకురమ్మని. మామూలుగా మా అప్ప పెద్దోళ్ల మాట జవదాటదు. ఆ రోజు ఆయన వైపు తిరగను కూడా లేదు.

"గుమ్మం ఎదురుగా ఎట్టుకుని సుట్టు తిరగడమేటి?" అని పిల్ల చెయ్యి పట్టుకుంది. "కుడికాలెట్టమ్మా," అని తనూ కుడికాలే ముందెట్టింది. గుమ్మం మధ్యకొచ్చాక, ఏడాదిగా నేను వినని గొంతుతో లోపలికి కేకేసింది.

"సన్నాయోలూ, అలా సూస్తారేటి? నా కోడలొస్తన్నాది, వాయించండి!"