ఎవరి కడుపుమంట?

మా ఇంట్లో తినేసోడా నిలిచేది కాదు. తెచ్చిన పొట్లం తెచ్చినట్టే మాయమయ్యేది. నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలు పోస్తే పాలల్లో కూడా పురుగు వెతుకుతావని మా అమ్మ తిట్టేది. వెతికితే చాలాసార్లు దొరికేది కూడా, ఆ మాట మాత్రం ఆమె చెప్పేది కాదు.

సోడా దొంగ చిన్నత్తేనని తేల్చేసుకున్నాను. చిన్నత్త అంటే మా అత్తకు తోటికోడలు, మా మామ తమ్ముడి భార్య. అశ్వారావుపేట అవతల, అడవి అంచున ఉన్న మా అత్తగారి ఊళ్లో రెండిళ్లకూ పెరడు ఒక్కటే. చింతపండుకో, నిప్పుకో ఆమె మా వంటింట్లోకి వస్తే నా కళ్లు ఆమె చేతుల మీదే ఉండేవి.

తీరా ఒకరోజు కొట్టం వెనకాల చూద్దును కదా, మా అత్తే. అరచేతిలో సోడా పోసుకుని నోట్లో వేసుకుంది, చెంబెడు నీళ్లు తాగింది, గోడ పట్టుకుని పొడుగ్గా తేన్చింది. ఏమిటని అడిగితే పచ్చిపులుసు పడలేదంది. అప్పటినుంచి ఆమెను చూడటం మొదలుపెట్టాను. వెల్లకిలా పడుకునేది కాదు, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. అన్నం ముద్ద దిగక గుండెల మీద చేత్తో రాసుకునేది. మోచేతి కిందుండే గాజులు భుజం దాకా పోతున్నాయి.

నాకు భయం పట్టుకుంది. బోనకల్ దగ్గర మా పుట్టింట్లో మా నాన్న కూడా ఇలాగే సోడా తిని తిని, ఏమీ లేదు ఏమీ లేదంటూనే నెత్తురు కక్కుకుని పోయాడు. దవాఖానాకు పోదాం పదమంటే అత్త వినలేదు. అందరికీ ఉండేదే, దీనికి డాక్టరెందుకంది.

అట్లా ఉండగా చిన్నత్త బర్రె చచ్చిపోయింది. తల్లాడ దిక్కు నుంచి కొని తోలుకొచ్చిన మేలు జాతి బర్రె, బిందెలకు బిందెలు పాలిచ్చేది. సాయంత్రం మేత మేసింది, తెల్లారేసరికి కాళ్లు చాపింది. చిన్నత్త బజార్లో కూలబడి నెత్తీనోరూ కొట్టుకుంది.

"ఎవ్వల కడుపుమంట తగిలిందో నా బర్రెకు!"

చూడవచ్చిన వాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత మా గుమ్మం వైపు చూశారు. మా బర్రె అప్పటికే వట్టిపోయి ఉంది మరి. గుమ్మంలో నిలబడ్డ మా అత్త ఆ మాట విన్నది, ఆ చూపులూ చూసింది. వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

బర్రెను పూడ్చిన కొద్ది రోజులకే బడి ముందు జీపు ఆగింది. ఆ కాలంలో జీపంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేవాళ్ల జీపే. మగవాళ్లు సగంమంది అలవాటు కొద్దీ అడవి దారి పట్టారు. వచ్చింది వేరే డాక్టర్లు. పుల్లటి తేన్పులు, మంట, ముద్ద దిగకపోవడం, ఇలాంటివి ఎవరికున్నాయో అడిగి తెలుసుకుంటారట. ఉన్నవాళ్లను ఖమ్మం తీసుకుపోయి నోట్లోంచి గొట్టం వేసి చూస్తారట. నెలల తరబడి మందులిచ్చి ఎవరికి ఎట్లా తగ్గిందో చూస్తారట. అంతా ఉచితం.

ఉచితం అనేసరికి నా అనుమానం లేచి కూర్చుంది. కొత్త మందు మా మీద వేసి చూస్తున్నారా అని వాళ్లలోని డాక్టరమ్మను మొహం మీదే అడిగాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. మందు పట్నంలో అమ్ముతున్నదేననీ, మా కారాలూ పులుసులూ తినేవాళ్లకు ఎంత కాలం ఇస్తే పుండు మానుతుందో తెలుసుకోవాలనీ చెప్పింది. నేను సగమే నమ్మాను. ఆ సగం కూడా మా నాన్న గుర్తొచ్చి నమ్మాను.

బడి వరండాలో ఆడవాళ్లను వరసలో నిలబెట్టారు. డాక్టరమ్మ అందరూ వినేట్టు అడిగింది.

"కడుపుమంట ఉందామ్మా? ఎన్నాళ్లనుంచి?"

మొదట నిలబడ్డ ఆవిడ మొహం మాడిపోయింది. ఒకరిది చూసి ఓర్వలేని బతుకు తమది కాదని ఠక్కున చెప్పింది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. వెనక వరసంతటికీ అర్థమైంది. చిన్నత్త కొడుకు ఖమ్మంలో నౌకరీ చేస్తాడు కదా, బర్రెను చంపిన కడుపుమంట ఎవరిదో తేల్చడానికి వాడే వీళ్లను పంపాడని గుసగుస లేచింది. గొట్టం మింగిస్తే కడుపులో ఉన్నదంతా కనబడుతుందట! ఇంకేం, ఊళ్లో ఏ ఒక్కరికీ కడుపుమంట లేదు. లేదని చెబుతూ చెబుతూ మధ్యలో తేన్చినవాళ్లకూ లేదు. లోపలి గూడేల నుంచి వచ్చిన కోయ ఆడవాళ్లకు ఈ గొడవ పట్టలేదు. పొట్ట మీద చెయ్యి వేసి చూపించి, ఉన్నదన్నారు.

అత్త వంతు వచ్చింది. చిన్నత్త పక్కనే ఉంది. అత్త తల అడ్డంగా ఊపి వచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

వెనక్కి పోయి డాక్టరమ్మకు ఆ మాటలోని మెలిక చెప్పాను. ఆమె నాలుక కరుచుకుని, మర్నాడు "ఛాతీలో మంట" అని అడిగింది. ఏం లాభం? జీపు ఏ పని మీద వచ్చిందో ఊరు అప్పటికే తేల్చేసుకుంది. పేరు మార్చి అడుగుతున్నారంటే అనుమానం ఇంకా పెరిగింది. పోనీ మా అత్త పేరు నేను చెబుతాను రాసుకోమన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"మీరు చెబితే రాయకూడదమ్మా. ఆమె నోటితో ఆమే చెప్పాలి."

జీపు వెళ్లిపోయే రోజు పొద్దున అత్త తాగిన అంబలి తాగినట్టే కక్కుకుంది. అందులో నల్లటి చారలున్నాయి. మా నాన్న కక్కులో చూసినవే అవి. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు.

"మా నాన్న కూడా ఇట్లనే లేదు లేదన్నాడు అత్తా. ఊరు ఏమనుకుంటే ఏంది, నువ్వు పోతే ఊరు తెచ్చిస్తదా?"

అత్త లేచింది. మూతి కడుక్కుని, జుట్టు ముడేసుకుని బయల్దేరింది. వరండాలో చిన్నత్త ముందే చేరి ఉంది. ఎవరు బయటపడతారో చూడటానికే వచ్చిందని నేను ఆమెను కొరకొరా చూశాను.

డాక్టరమ్మ అడిగింది. అత్త ఆమెను చూడలేదు, చిన్నత్తను చూస్తూ చెప్పింది.

"ఉన్నది. శానా ఏండ్ల సంది ఉన్నది."

ఎవరో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కావిడ చెవిలో ఏదో అన్నారు. బర్రె అన్న మాట మాత్రం నాకు వినబడింది. అంతలో చిన్నత్త జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"నాక్కూడ ఉన్నదమ్మా. అక్క పేరు పక్కన నా పేరు గూడ రాయిండ్రి."

ఇదేం ఎత్తు అనుకున్నాను. పచ్చిమిరపకాయ నంజుకుని జొన్న గటక తిని, దుంగలా నిద్రపోయే మనిషి! ఖమ్మంలో మా అత్త కడుపులో ఏం కనబడుతుందో దగ్గరుండి చూసొచ్చి ఊళ్లో చాటడానికే తయారైందని, జీపులో దారిపొడుగునా ఆమెతో మాట్లాడలేదు.

ఖమ్మం దవాఖానాలో ముందు అత్తకు గొట్టం వేశారు. అన్నం దిగే తోవ చివర, కడుపు మొదట్లో పుండు ఉంది. అప్పుడప్పుడే నెత్తురు ఊరుతోంది. మందులతో మానుతుందనీ, ఇంకా ఆలస్యం చేసి ఉంటే చెయ్యి దాటిపోయేదనీ డాక్టరమ్మ చెప్పింది. నేను గోడకు తల ఆనించి ఏడ్చాను.

తర్వాత చిన్నత్త మింగింది. కళ్ల నిండా నీళ్లు, ఓకరింతలు, నా చెయ్యి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కింది. అంతా అయ్యాక డాక్టరమ్మ ఆమెను వింతగా చూసింది. లోపల ఏమీ లేదు, తోమిన చెంబులా ఉంది, నిజంగానే మంట ఉందా అని అడిగింది. అప్పుడప్పుడు అని చిన్నత్త నీళ్లు నమిలింది.

బయటికి రాగానే మరి గొట్టం ఎందుకు మింగావని నిలదీశాను.

"అక్క ఒక్కతే ఉన్నదంటే, బర్రెను తెచ్చి ఆమె నెత్తిన పెట్టకపోతురా బిడ్డా? బజార్ల ఆ మాట అన్నది నేనైతిని."

ఆ మాటలో కూడా మెలిక ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

అత్త మంచం మీద ఒరిగి ఉంది. చిన్నత్త పోయి కాళ్ల దగ్గర నిలబడింది. ఇద్దరి గొంతులూ గీరుకుపోయి ఉన్నాయి.

"దుఃఖంల నోరు జారిన అక్కా. కడుపుల పెట్టుకో."

అత్త ఆమె వైపు తిరిగింది.

"పుండువడ్డ కడుపాయె. ఏడ పెట్టుకోమంటవే?"

అంటూనే కాళ్లు ముడుచుకుని, ఆమెకు మంచం మీద చోటిచ్చింది.