చిన్నమ్మలు పట్టుకున్న శ్రుతి

అనకాపల్లిలో తండ్రి నడిపే బెల్లం కొట్టు మీది గదిలో రామ్‌గోపాల్ చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టుకున్నాడు. పాటలు రికార్డు చేసేదీ, వెనక గిటార్ వాయించేదీ అతనే. గిటార్‌కి ప్లగ్ పెట్టగానే మొదలయ్యే గుంయ్‌మనే మోత ఒక్కటే అతని ప్రాణం తీసేది. తీగల కింద ఉండే పికప్‌లు చుట్టుపక్కల కరెంటు రొదనంతా లాగేస్తున్నాయి.

మోత లేని పికప్‌లు దొరుకుతాయి గానీ, చాలావాటి గొంతు మొద్దు. అతనికి రొద చావాలి, తీగ మెరుపు పోకూడదు, భజనకైనా సినిమా పాటకైనా పనికిరావాలి. వెతికి వెతికి, ఒకదాని మీద ఒకటిగా రెండు రాగితీగ చుట్టలున్న రకం తెప్పించి, తనే టంకం పెట్టి బిగించాడు. గది నిశ్శబ్దమైపోయింది.

మర్నాడు మునగపాక నుంచి చిన్నమ్మలు వచ్చింది. నూకాలమ్మ అమ్మవారి పాటలు పాడే పెద్దావిడ. ఎప్పుడొచ్చి పాడినా ఒకటే శ్రుతి, వెంట్రుకవాసి జారదు. అది దైవమిచ్చిన గొంతని రామ్‌గోపాల్ అందరికీ చెప్పుకునేవాడు.

ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని, నోరు తెరిచి, మూసింది.

"సుతి ఎయ్యవేటి బాబూ?"

"నేనెప్పుడు వేశానమ్మా?"

"అదేటలాగంతావు? కూకోగానే గుంయ్‌మని ఏత్తావు గదా. దాన్నట్టుకునే పాడతన్నాను."

రామ్‌గోపాల్ పాత రికార్డింగ్ తెరిచి, పాటకు ముందున్న మోత ముక్కను విడిగా కత్తిరించి తీసి, ఆమె చెవులకు మాత్రమే వినబడేలా పెట్టాడు.

చిన్నమ్మలు ముఖం విప్పారింది.

"ఆఁ, అదీ! మాంచి సుతిపెట్టి బాబూ. మా బజనోళ్లకీ ఒకటి తెప్పించు."